కోడ్ వస్తే చాలదా, ఈ డయాగ్రంలన్నీ ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: దెగ్లూర్‌లో బీసీఏ రెండో ఏడు చదువుతున్నారు, ప్రోగ్రాం రాయడం బాగానే వచ్చు. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పేపర్లో వాటర్‌ఫాల్ (ఒక దశ అయ్యాకే ఇంకో దశ అనే పని పద్ధతి), యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్‌ను గీసి చూపే గుర్తుల పద్ధతి) బొమ్మలు బట్టీ పట్టడం దేనికి, ఉద్యోగంలో ఎవరైనా వీటిని గీస్తారా అని అడిగారు.

పుస్తకంలో ఉన్నంత నీట్‌గా ఎవరూ గీయరు. బట్టీ కూడా అక్కర్లేదు. కానీ అన్నింట్లోకీ స్టేట్ డయాగ్రం ఒక్కటి మాత్రం వదలకండి. ఒక వస్తువు ఏయే స్థితుల్లో ఉండొచ్చో, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా మారుతుందో బాణాలతో చూపే బొమ్మ అది. సిలబస్‌లో దానికి చివరి పేజీలు దక్కుతాయి, క్లాసులో గబగబా కానిచ్చేస్తారు. నా అనుభవంలో ఎక్కువ అక్కరకొచ్చింది అదే.

నాది ధర్మాబాద్. మా మిర్చి మార్కెట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, బాసర అవతలి నుంచి కూడా రైతులు సరుకు తెస్తారు. అక్కడ ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణానికి తక్‌పట్టీలు తీసే ప్రోగ్రాం రాసిచ్చాను. తక్‌పట్టీ అంటే తూకం, ధర, హమాలీ వగైరా కోతలు చూపించి రైతు చేతికిచ్చే లెక్క చీటీ. పనేమిటని అడిగితే సేటు చెప్పింది ఒక్క ముక్క: "రైతు మాల్ తెస్తడు, హర్రాజు అయితది, కాంటా పెడతం, పైసలిస్తం. గంతే తమ్మీ."

ఇది వినగానే ఎవరికైనా తట్టేది ఒక టేబుల్, అందులో అవును-కాదు కాలమ్‌లు మూడు: పాట (హర్రాజు) అయిందా, తూచారా, డబ్బిచ్చారా. చూడ్డానికి బాగానే ఉంటుంది. లెక్క వేయండి. మూడు అవును-కాదులకు 8 కలయికలు వస్తాయి. వాటిలో అర్థమున్నవి నాలుగే. తూకం కాకుండానే డబ్బు ఇచ్చేసినట్టు, పాట లేకుండానే తూచేసినట్టు ఉండే మిగతా నాలుగింటినీ కంప్యూటర్ మారుమాట్లాడకుండా రాసుకుంటుంది. వాటిని ఆపడానికి కోడ్ నిండా ఇఫ్ షరతులు పెట్టుకుంటూ పోవాలి. దీని బదులు 'స్థితి' అని ఒకటే కాలమ్ పెట్టి, అందులో నాలుగు విలువలే ఉంచితే ఆ గొడవే ఉండదు: వచ్చింది, పాట అయింది, తూకం అయింది, చెల్లింపు అయింది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒక కాగితం మీద ఈ నాలుగింటికి నాలుగు గుండ్రాలు గీసి గుమాస్తా పక్కన కూర్చున్నాను. సేటుకు వ్యాపారం తెలుసు, కానీ చిక్కులన్నీ తెలిసేది గుమాస్తాకే. ఏ ఊళ్లో ఏ ఆఫీసుకెళ్లినా ఇంతే అనుకోండి. ఒక్కో గుండ్రం మీద వేలు పెట్టి, ఇక్కడి నుంచి ఇంకేం జరగొచ్చని అడుగుతూ పోయాను.

"పాట అయినంక రైతుకు ధర నచ్చకపోతే?"

"వాపస్ తీసుకపోతడు. లేకుంటే రేపటి హర్రాజుకు పెడతడు."

అంటే వెనక్కి ఒక బాణం, బయటికి ఇంకో బాణం. కాంటా దగ్గర సంచి అడుగున తడి కాయ బయటపడితే? ఖరీదుదారు ధర తగ్గించమంటాడు. రైతు ఒప్పుకుంటే కొత్త ధర, లేదంటే పాట రద్దు. మరి డబ్బిచ్చేశాక తూకం తప్పని తేలితే? ఇక్కడ గుమాస్తా ఆగి సేటును పిలిచాడు. కాసేపు వాళ్లలో వాళ్లే వాదించుకుని, పాత చీటీ ముట్టుకోవద్దు, తేడాకు ఇంకో చీటీ రాయాలి అని తేల్చారు. సేటు 'గంతే' అన్న దాంట్లో ఇవేవీ లేవు. దాచిపెట్టడం కాదు, అడిగేదాకా ఆయనకు గుర్తుకు రావు. రోజూ చేసే పని ఎవరికైనా అంతే.

ఇంకొకటి కూడా ఆ కాగితం మీదే బయటపడింది. సరుకు రాకముందే రైతు అడ్వాన్స్ తీసుకుంటాడు. అది నాలుగు గుండ్రాల్లో ఎక్కడా ఇమడదు, ఎందుకంటే అది సరుకుది కాదు, రైతు ఖాతాది. ఏ వివరం దేనికి చెందుతుందో తేల్చేది ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) మోడల్. పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించాడు. ప్రోగ్రాంలోని క్లాసులను, వాటి సంబంధాలను చూపే క్లాస్ డయాగ్రం చాలావరకు దానికి దగ్గరగానే ఉంటుంది, ఒకటి వస్తే రెండోది సులువు. ఎవరు సిస్టమ్‌తో ఏ పని చేసుకుంటారో చెప్పే యూజ్ కేస్‌కు అర పేజీ చాలు. ఏ సందేశం తర్వాత ఏది వెళ్తుందో చూపే సీక్వెన్స్ డయాగ్రం రెండు సిస్టమ్‌లు మాట్లాడుకునే చోట, అంటే యూపీఐ చెల్లింపు లాంటి వాటికి, పనికొస్తుంది.

గీసిన బాణాలే తర్వాత టెస్టులవుతాయి. ఉన్న ప్రతి బాణానికి 'ఇది జరగాలి' అని ఒక టెస్టు, లేని బాణానికి 'ఇది జరగకూడదు' అని ఒకటి. డేవిడ్ హారెల్ 1987లో ఇలాంటి స్థితుల బొమ్మల (స్టేట్‌చార్ట్‌ల) మీద రాసిన పరిశోధన పేపర్ నుంచే యూఎంఎల్ స్టేట్ డయాగ్రం చాలా తీసుకుంది.

కోడ్ వస్తే చాలదా అన్నారు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే, ఎగిరిన 40 సెకన్లకు అటూ ఇటుగా పేలిపోయింది. ఏరియాన్ 4లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన కోడ్‌నే అందులో వాడారు. కొత్త రాకెట్ వేగం వేరు. 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్లలో పట్టలేదు. కోడ్ పాత రాకెట్‌కు సరైనదే, అది ఏ షరతు మీద సరైనదో కొత్త రాకెట్‌కు ఎవరూ సరిచూడలేదు.

వాటర్‌ఫాల్ గురించి ఒక్క మాట. విన్‌స్టన్ రాయిస్ 1970 పరిశోధన పేపర్లో ఆ మెట్ల బొమ్మ ఉంది. కానీ అదే పేపర్లో, ఇలా ఒక్కసారి పైనుంచి కిందికి దిగిపోవడం ప్రమాదమని ఆయనే రాశాడు. చాలా నోట్సుల్లో బొమ్మ ఉంటుంది, ఈ హెచ్చరిక ఉండదు. వైవాలో చెబితే మార్కులు పడతాయి.

పరీక్ష కోసమైతే గుర్తులు ఒకసారి చేత్తో గీసి చూసుకోండి. క్లాస్ డయాగ్రంలో నిండు డైమండ్ కంపోజిషన్ (మొత్తం పోతే భాగమూ పోతుంది), ఖాళీ డైమండ్ అగ్రిగేషన్ (మొత్తం పోయినా భాగం ఉంటుంది), ఖాళీ త్రికోణం ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ గుణాలు తీసుకోవడం). స్టేట్ డయాగ్రంలో మొదలు నల్లటి చుక్క, ముగింపు ఆ చుక్క చుట్టూ ఇంకో వలయం. టూల్ కావాలంటే ప్లాంట్‌యూఎంఎల్ ఉచితం, టెక్స్ట్ టైప్ చేస్తే బొమ్మ అదే గీసిపెడుతుంది. గుమాస్తా లాంటి వాళ్ల ముందు మాత్రం లాప్‌టాప్ తెరవకండి, కాగితం, పెన్నుతోనే వెళ్లండి. పెన్ను వాళ్ల చేతికిస్తే తప్పిన బాణాలు వాళ్లే గీస్తారు.