పక్షులు, ప్రకృతి, కెమెరా: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏ లెన్స్ కొనాలన్న ప్రశ్నతోనే మొదలయ్యాయి. వాటన్నిటికీ కలిపి ఒక్క సమాధానం ఇచ్చి, మిగిలిన స్థలాన్ని వెలుగు, దూరం, గూళ్లు, ప్రయాణాల గురించి అడిగినవారికి కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఆటపాకలో గూడబాతులను ఫొటో తీయడానికి నా 70-300 లెన్స్ చాలడం లేదనిపిస్తోంది. వాయిదాల మీద 600 మిల్లీమీటర్ల లెన్స్ కొనడం మంచిదేనా? (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

ఆటపాక కోసమే అయితే అప్పు చేయవలసిన పని లేదు. గూడబాతు, అంటే మనవాళ్లు పెలికన్ అని కూడా పిలిచే పక్షి, రెక్కలు విప్పితే దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. కైకలూరు పక్కనున్న ఆ చెరువులో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద, నీటిలోని చెట్ల మీద అవి గుంపులుగా గూళ్లు కట్టుకుంటాయి. మీ కెమెరాలో ఉన్నది ఏపీఎస్-సి సెన్సర్, అంటే వెలుగును పట్టే చిన్న పరిమాణపు పలక, కాబట్టి 300 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు 450 మిల్లీమీటర్ల లెన్స్ చూపినంత దగ్గరగా చూపిస్తుంది. అంత పెద్ద పక్షికి, అందులోనూ గుంపుగా ఉండే పక్షికి, అది సరిపోతుంది.

మీరు పంపిన చిత్రాల్లో కనిపిస్తున్న మసకకు కారణం లెన్స్ పొడవు చాలకపోవడం కాదు. అవి ఉదయం పదకొండు దాటాక తీసినవి. ఎండ ముదిరేకొద్దీ నీటి మీద, గట్ల మీద వేడెక్కిన గాలి పొరలుపొరలుగా కదులుతూ మధ్యలోని దృశ్యాన్ని వణికిస్తుంది. ఆ వణుకును ఏ లెన్సూ సరిచేయలేదు సరికదా, పొడవైన లెన్స్ దాన్ని మరింత పెద్దదిగా చూపిస్తుంది. సూర్యోదయం నుంచి తొమ్మిది లోపు పని ముగించుకోండి. పడవలో ట్రైపాడ్ నిలబెట్టకండి, పడవ అదురంతా దాని కాళ్ల గుండా కెమెరాకు ఎక్కుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి చేత్తోనే పట్టుకుని, షట్టర్ వేగం 1/1000 సెకనుకు తగ్గకుండా చూసుకోండి.

లెన్స్ కంటే ముందు నేర్చుకోవలసింది గాలి వాలు. పెద్ద పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. గాలి మీ వీపును తాకుతున్న చోట నిలబడితే దిగే పక్షి మీకు ముఖం చూపిస్తుంది, గాలి మీ ముఖానికి కొడుతుంటే రోజంతా తోకలే దక్కుతాయి. శీతాకాలంలో ఈశాన్యం నుంచి గాలి వీచే ఉదయాల్లో సూర్యుడూ గాలీ రెండూ ఇంచుమించు ఒకే వైపు నుంచి వస్తాయి గనుక, వాటికి వీపు పెట్టి నిలబడినవాడికి అంతకంటే మంచి సమయం మరొకటి దొరకదు. ఇదంతా అలవాటయ్యాక కూడా చిన్న పిట్టల మీద మక్కువ ఉంటే, లకుముకి పిట్టలూ తేనెపిట్టలూ తీయాలనిపిస్తే, అప్పుడు పొడవైన లెన్స్ గురించి ఆలోచించండి. ముందు హైదరాబాదులో రెండు రోజులకు అద్దెకు తీసుకుని, ఆ బరువు మీ భుజం మోయగలదో లేదో చూసుకోండి.

ప్రశ్న: వరిచేలో తెల్లకొంగలను తీస్తే ఈకలేవీ కనిపించకుండా తెల్లటి ముద్దలా వస్తున్నాయి. అదే కొంగ ఆకాశంలో ఎగిరితే నల్లబడుతోంది. కెమెరా పాడైందా? (భీమవరం నుంచి ఒక పాఠకురాలు)

కెమెరా బాగానే ఉంది. తాను చూస్తున్నది చేనా, ఆకాశమా, కొంగా అన్న విచక్షణ దాని వెలుగు కొలమానానికి లేదు. దృశ్యమంతటి సగటు వెలుగు ఒక మధ్యస్థపు బూడిద రంగు స్థాయికి రావాలన్న ఒక్క లెక్క మీద అది పనిచేస్తుంది. ముదురు పచ్చని చేలో చిన్న తెల్లకొంగ నిలబడి ఉన్నప్పుడు, దృశ్యంలో ఎక్కువ భాగం చీకటిగా ఉందనుకుని అది వెలుగును పెంచుతుంది. చేను లేతబడుతుంది, కొంగ కాలిపోతుంది. ప్రకాశవంతమైన ఆకాశం ముందు అదే కొంగ ఎగిరినప్పుడు వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, మీ వైపున్న కొంగ పొట్ట నల్లబడుతుంది. అందువల్ల చేలో ఉన్న కొంగకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచిన వెలుగును మనం పెంచే, తగ్గించే చక్రం) ఒక స్టాప్ వరకు, అంటే వెలుగు సగమయ్యేంత, తగ్గించాలి, ఆకాశంలో ఉన్నప్పుడు ఒక స్టాప్, మబ్బు పట్టి తెల్లగా ఉంటే ఒకటిన్నర స్టాప్ పెంచాలి.

అయితే కొంగ చేలోంచి లేచి ఆకాశంలోకి వెళ్లడానికి రెండు సెకన్లు పడుతుంది, ఆ రెండు సెకన్లలో చక్రం తిప్పడం ఎవరివల్లా కాదు. అందుకే ఎండ నిలకడగా ఉన్న రోజున మాన్యువల్ పద్ధతిని, అంటే కొలతలన్నీ మనమే పెట్టుకోవడాన్ని, నేను గట్టిగా సిఫారసు చేస్తాను. వెనకనున్నది చేనైనా ఆకాశమైనా కొంగ మీద పడుతున్న ఎండ మారదు. ఆ ఎండకు ఒకసారి కొలత పెట్టుకుంటే మబ్బు అడ్డం వచ్చేదాకా అదే కొలత పనిచేస్తుంది. ఉదయం బాగా ఎండ కాసే వేళకు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, అపెర్చర్ (లెన్స్ రంధ్రపు కొలత) ఎఫ్/8, షట్టర్ 1/2000 దగ్గర మొదలుపెట్టి ఒక చిత్రం తీసి చూడండి. మితిమీరిన తెలుపును మినుకుమినుకుమనిపించి చూపే ఏర్పాటు దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి పెట్టుకోండి. కొంగ వీపు మీద ఆ మినుకు కనిపిస్తే షట్టర్‌ను ఒక మెట్టు వేగవంతం చేయండి. హిస్టోగ్రామ్ (చిత్రంలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) కుడి గోడను తాకకుండా దాని దగ్గరగా ఆగితే ఈకల గీతలన్నీ నిలుస్తాయి. రా ఫైలుగా (కెమెరా పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే ఫైలు) తీస్తే నీడలను తర్వాత కొంత పైకి లాగవచ్చు, పూర్తిగా కాలిపోయిన తెలుపును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

లంబసింగి పొగమంచు చిత్రాలు మురికిగా వస్తున్నాయని రాసిన అనకాపల్లి పాఠకుడికి కూడా ఇదే సమాధానం. మంచు తెలుపును కెమెరా బూడిద రంగులోకి దించుతోంది, ఒక స్టాప్ పెంచండి.

ప్రశ్న: మా బీడు పొలంలో తీతువు పిట్ట నేల మీద గుడ్లు పెట్టింది. దగ్గరికి వెళ్తే అరుస్తూ తల మీదికి వస్తోంది. చుట్టూ గడ్డి కొంచెం పీకి, దగ్గరగా కూర్చుని తీయవచ్చా? (నంద్యాల జిల్లా నుంచి ఒక రైతు)

వద్దు. గడ్డి పీకడం అసలే వద్దు. తీతువు గుడ్లు మట్టిలో, రాళ్లలో కలిసిపోయే మచ్చలతో ఉంటాయి, ఆ కలిసిపోవడమే వాటికి ఉన్న ఏకైక రక్షణ. మీరు శుభ్రం చేసిన చోటు మీ లెన్స్‌కు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో కాకికీ ముంగిసకూ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఎండ. మన వేసవిలో గుడ్లను పొదగడమంటే వెచ్చబెట్టడం కాదు, చల్లగా ఉంచడం. తీతువు నీటి దగ్గరికి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లకు నీడనిచ్చి కూర్చుంటుంది. మీరు దగ్గర ఉన్నంతసేపూ ఆ పిట్ట గాలిలో అరుస్తూ తిరుగుతుంది, ఆ సేపంతా గుడ్లు ఎండలో ఉడుకుతాయి. తల మీదికి రావడాన్ని మంచి యాక్షన్ దృశ్యంగా భావించి దాన్ని రెచ్చగొట్టేవారూ ఉన్నారు. అది భయంతో చేసే పని.

చట్టం మాట కూడా చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. పొలం మీదే అయినా పిట్ట మీది కాదు.

మీకు ఉన్న అవకాశం నగరం నుంచి కారులో వచ్చే ఫొటోగ్రాఫర్‌కు లేదు. పొలంలో రోజూ తిరిగే మనిషిని, ఎడ్లను, ట్రాక్టర్‌ను ఆ పిట్ట లెక్కచేయదు. గూటికి దూరంగా ఉన్న గట్టు మీదో చెట్టు కిందో రోజూ ఒకే చోట, ఒకే వేళకు కూర్చోండి. పిట్ట అరవడం మానేసి తిరిగి గుడ్ల మీద కూర్చుంటే అది మీకు అనుమతి ఇచ్చిన దూరం. అరుస్తూనే ఉంటే ఇంకా వెనక్కి జరగండి. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చాక అవి గంటల్లోనే నడక మొదలుపెడతాయి, తల్లి వెంట తిరిగే ఆ పిల్లల చిత్రాలు గూటి చిత్రాల కంటే ఎంతో బాగుంటాయి.

ప్రశ్న: మార్చిలో అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు ఒమాహా నగరంలోని అమ్మాయి ఇంటికి వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో పక్షులను తీయదగిన చోటు ఉందా? తర్వాత ఎల్లోస్టోన్ జాతీయ పార్కు కూడా చూడాలని ఉంది. (హైదరాబాదు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

మార్చి నెలలో నెబ్రాస్కా వెళ్తూ ఈ ప్రశ్న అడగడం మీ అదృష్టం. ఒమాహా నుంచి పశ్చిమంగా ఐ-80 రహదారి మీద సుమారు మూడు గంటలు వెళ్తే కియర్నీ పరిసరాల్లో ప్లాట్ నది వస్తుంది. టెక్సస్, న్యూ మెక్సికో, మెక్సికోల నుంచి ఉత్తరానికి కెనడా, అలాస్కా, ఇంకా దాటి సైబీరియా వరకు వెళ్లే శాండ్‌హిల్ కొంగలు, మన సారస పక్షులకు దాయాదులు, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి రోజుల వరకు 5 లక్షలకు పైగా ఆ నది దగ్గర ఆగుతాయి. పగలంతా కోత అయిన మొక్కజొన్న పొలాల్లో రాలిన గింజలు తిని కొవ్వు పట్టించుకుంటాయి, రాత్రి నక్కజాతి జంతువులకు అందకుండా నది మధ్య ఇసుక తిన్నెల పక్కన లోతులేని నీటిలో నిలబడి నిద్రపోతాయి. మార్చి రెండో సగంలో రద్దీ పతాక స్థాయిలో ఉంటుంది.

గిబ్బన్ దగ్గర ఆడుబాన్ పక్షి సంరక్షణ సంస్థ నడిపే రో శాంక్చురీలోనూ, వుడ్ రివర్ దగ్గర క్రేన్ ట్రస్ట్‌లోనూ నది ఒడ్డున పక్షులకు కనిపించకుండా చూసే చెక్క గుడిసెలు ఉంటాయి. వాటిలో చోటు నెలల ముందే నిండిపోతుంది, కాబట్టి అమ్మాయితో ఇప్పుడే బుక్ చేయించండి. తెల్లవారకముందే చీకట్లో గుడిసెలోకి వెళ్లాలి, పక్షులు లేచి వెళ్లేదాకా బయటికి రాకూడదు. ఫ్లాష్ వెలగకూడదు, కెమెరా తెర వెలుగు కూడా బయటికి కనిపించకూడదు. ఆ వేళ నీళ్లు గడ్డకట్టే చలి ఉండవచ్చు, వేళ్ల చివర్లు తెరుచుకునే చేతి తొడుగులు తీసుకెళ్లండి.

ఆ మసకవెలుగులో 1/2000 షట్టర్ మాట మరిచిపోవాలి. ఐఎస్ఓను 6400 దాకా పెంచి, నిలబడి ఉన్న కొంగల నల్లని ఆకారాలను నది మెరుపు ముందు తీయండి. అవి లేచే సమయంలో షట్టర్‌ను 1/15 సెకనుకు తగ్గించి వాటి వెంట కెమెరాను తిప్పితే రెక్కలు గీతలుగా సాగిన చిత్రాలు వస్తాయి. అన్నీ పనికిరావు, కానీ ఒకటి కుదిరితే అచ్చమైన స్పష్టతతో వచ్చిన వంద చిత్రాల కంటే దాన్నే నేను ముందు ఎంచుకుంటాను. పగటిపూట పొలాల పక్క రోడ్ల మీద కారులోనే కూర్చుని కిటికీ అంచు మీద ఒక సంచి వేసి లెన్స్ ఆనించండి. తలుపు తీసుకుని దిగితే కొంగలు వెనక్కి నడుస్తాయి, పైగా ఆ పొలాలు ప్రైవేటు ఆస్తి.

ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ కూగర్లకూ (అమెరికా అడవిపిల్లి జాతి పెద్ద జంతువు) కనీసం 100 గజాలు, గూళ్లలో ఉన్న పక్షులతో సహా మిగతా జంతువులకు 25 గజాల దూరం పాటించాలన్నది నిబంధన. జంతువు తానే మీ వైపు వచ్చినా వెనక్కి జరగవలసింది మీరే.

ప్రశ్న: పులికాట్‌లో ఫ్లెమింగోల గుంపును పైనుంచి డ్రోన్‌తో తీయాలని కోరిక. అనుమతి ఎలా పొందాలి? (నెల్లూరు నుంచి ఒక విద్యార్థి)

ఈ కోరికను వదులుకోండి. అది పక్షుల అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది. ఆ రెండూ లేకపోయినా, తల మీద మోత వినగానే మేత మానేసి గుంపంతా లేచిపోతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు పక్క నుంచే ఎందరో చక్కటి చిత్రాలు తీశారు, తీస్తున్నారు.

ప్రశ్న: గండికోట లోయ కళ్లకు అంత అద్భుతంగా ఉంటే ఫొటోలో చప్పగా ఎందుకు వస్తోంది? (ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు)

మిట్టమధ్యాహ్నం ఎర్రమల కొండల రాయి మీద నిట్టనిలువుగా పడే ఎండలో పగుళ్లకు నీడ ఉండదు, నీడ లేకపోతే లోతు కనిపించదు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు తీయండి, లేదా అస్తమించాక ఓ పావుగంట ఆగండి. ఆ వేళ ఆకాశపు వెలుగు మెత్తగా లోయలోకి దిగి, ఎర్రరాయికీ కింద పెన్నా నీటికీ మధ్యనున్న వెలుగు తేడాను తగ్గిస్తుంది. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/8 లేదా ఎఫ్/11 దగ్గర తీయండి. ఎఫ్/22కు వెళ్తే కాంతి వివర్తనం వల్ల మొత్తం చిత్రం కొంచెం మెత్తబడుతుంది. కోట గోడ ముక్కనో, దూరంగా నిలబడిన మనిషినో చేర్చకపోతే ఆ లోయ ఎంత పెద్దదో చూసేవారికి తెలియదు. అంచున రాళ్లు వదులుగా ఉంటాయి, కంచె లేదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి అడుగు వేయకండి.

ప్రశ్న: పోటీకి పంపే చిత్రంలో అడ్డొచ్చిన కొమ్మను తీసేయవచ్చా? ఫొటో ఎక్కడ తీశామో చెప్పాలా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

వెలుగు, రంగు, కత్తిరింపు వరకు దాదాపు ఎవరూ అభ్యంతరం చెప్పరు, కొమ్మను తొలగించడాన్ని మాత్రం ప్రకృతి విభాగాల్లో సాధారణంగా ఒప్పుకోరు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం అనుబంధంగా జరిగే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన తోడేలు చిత్రాన్ని, ఆ తోడేలు మచ్చికైనదై ఉండవచ్చని నిర్వాహకులు తేల్చి 2010లో రద్దు చేశారు. పోటీ నియమాలు చదవకుండా ఏదీ పంపకండి. చోటు విషయానికి వస్తే, అరుదైన పక్షి అయితే జిల్లా పేరు చాలు, ఫైలులోని జీపీఎస్ వివరాలు తీసేయండి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన తర్వాత దాని కోసం ఎందరు ఎంత దూరం నుంచి వచ్చారో తెలిసినవారికి ఈ జాగ్రత్త అతిగా అనిపించదు.

ప్రశ్న: విమానంలో బ్యాటరీలు ఎలా తీసుకెళ్లాలి? చలిదేశంలో కెమెరాకు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. వాటి కొసలు ఒకదానికొకటి తగలకుండా కవర్లలో పెట్టండి. 100 వాట్-అవర్ల లోపు వాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, మామూలు కెమెరా బ్యాటరీలన్నీ ఆ లోపే ఉంటాయి. చలిలో బ్యాటరీ త్వరగా నీరసించిపోతుంది కనుక విడి బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోండి. బయటి నుంచి వెచ్చని గదిలోకి వచ్చే ముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసేయండి. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా, అంటే గంటా రెండు గంటలు, దాన్ని తెరవకండి. మెమరీ కార్డు కావాలంటే బయటే తీసి పెట్టుకోండి.