సరస్సు నీళ్లతో ఏసీనా?

ప్రశ్న: టొరంటోలో మా అబ్బాయి పనిచేసే బిల్డింగుకి ఏసీ మిషన్లే లేవట, సరస్సు నీళ్లతోనే చల్లబడుతుందట. నన్ను ఆటపట్టిస్తున్నాడా?

జవాబు: లేదండీ, నిజమే చెప్పాడు. 2004 నుంచి అక్కడ ఒంటారియో సరస్సులో 83 మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడుతున్నారు. 4 డిగ్రీల దగ్గర నీటికి బరువెక్కువ, అందుకే చలికాలంలో అడుగుకి దిగిన చల్లటి నీరు నడి వేసవిలో కూడా అక్కడే ఉంటుంది.

అయితే ఆ నీళ్లు ఆఫీసులోకి రావు. శుద్ధి చేశాక పంపింగ్ స్టేషన్‌లో పలుచటి లోహపు పలకల పక్కనుంచి పోతాయి, పలకకి అటువైపు బిల్డింగుల్లో తిరిగి వేడెక్కి వచ్చిన వేరే నీళ్లుంటాయి, రెండూ కలవవు కానీ ఆ వేడి మాత్రం ఇటు వచ్చేస్తుంది. సరస్సు నీళ్లేమో అట్నుంచి అటే ఊరి కుళాయిల్లోకి, తాగడానికి! చల్లబడ్డ నీళ్లు రోడ్ల కింద పైపుల్లో మళ్లీ బిల్డింగులకెళ్లి గదుల్లోకొచ్చే గాలిని చల్లబరుస్తాయి. మోటార్లకి కరెంటు కావాలి లెండి, ఫ్రీ ఏం కాదు.

హుస్సేన్‌సాగర్‌తో కుదురుతుందా అని అడగకండి, అంత లోతూ లేదు, అంత చలీ లేదు. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో మాత్రం ఒకేచోట పెద్ద చిల్లర్లు, అంటే నీళ్లని చల్లబరిచే మిషన్లు పెట్టి, అక్కణ్నుంచి పైపుల్లో చల్లటి నీళ్లు బిల్డింగులకి పంపుతున్నారు.