గ్లవ్ మీద కొట్టివేసిన వాక్యం

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడి బంతిని ఆపే ఫీల్డర్‌గా) ఆడతాడు. ఫైనల్ ఆఖరి ఇన్నింగ్స్‌లో తేలికగా దొరకవలసిన బంతి అతని కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయి, జట్టు ఓడిపోయింది. “ప్రార్థన చేసుకుంటే గెలుస్తావన్నావు కదా నాన్నా” అని అడిగితే, నీ విశ్వాసంలోనే లోపముందని కోప్పడ్డాను. నేను అతని గ్లవ్ మీద రాసిచ్చిన ‘ఫిలిప్పీ 4:13’ను ఇంకుతో కొట్టేశాడు. నెల రోజులుగా చర్చికి రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ అబ్బాయి దేవునికి దూరమయ్యాడని మీరు భయపడుతున్నారు, కానీ నాకు మీ ఉత్తరంలో కనిపించింది వేరు. ప్రార్థిస్తే గెలుపు ఖాయమన్న మాటను అతను మీ నోట విని మనసారా నమ్మాడు, అది నిజం కాదని మైదానంలో అందరి ఎదుట తెలుసుకున్నాడు, ఆ గాయం పచ్చిగా ఉండగానే తప్పంతా తన విశ్వాసానిదేనన్న నిందను కూడా మోయవలసి వచ్చింది. అతను ఇంకుతో కొట్టివేసింది మీరు ఇచ్చిన ఆ హామీనే అనుకుంటున్నాను.

ఆ వచనానికి ముందున్న 12వ వచనాన్ని నిదానంగా చదవండి. బంధకాలలో ఉన్న పౌలు, కడుపు నిండి ఉన్నా ఆకలిగొని ఉన్నా, లేమిలోనైనా సమృద్ధిలోనైనా ఎలా ఉండాలో నేర్చుకున్నానని చెప్పి, ఆ వెంటనే “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అన్నాడు. ఓడిపోయి తలవంచుకుని ఇంటికి రావడానికి కావలసిన బలం కూడా ఆ ‘సమస్తము’లో ఉంది. దాన్ని మనం గెలుపు మంత్రంగా మార్చుకోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఈ మాట మీకంటే ఆ ఆటే అతనికి బాగా చెప్పగలదు. పది అవకాశాల్లో మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి మంచి బ్యాటర్ అంటారు, అంటే మంచివాడు సైతం ఏడుసార్లు వట్టి చేతులతో తిరిగివస్తాడు. స్కోర్‌బోర్డు మీద పరుగులు, హిట్ల పక్కనే తప్పులకూ ఒక గడి ఉంటుంది. అయినా తప్పు చేసినవాడు సాధారణంగా అదే చోట నిలబడతాడు, తర్వాతి బంతి అతని వైపే రావచ్చు. క్రీస్తును బాహాటంగా ఒప్పుకునే పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) మారియానో రివేరా, అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్‌లో, 2001లో, ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, తన జట్టు ఒక పరుగు ఆధిక్యంలో ఉండగా రెండో బేస్‌కు బంతిని గురితప్పి విసిరాడు, కాసేపటికి ఆటా సిరీసూ చేజారాయి. ఆ తర్వాత 2013 వరకూ ఆయన పిచర్‌గా అదే పని చేశాడు. 2019లో ఓటు వేసినవారందరూ ఆయన్ను బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి ఎన్నుకున్నారు, కానీ ఆ గౌరవాన్ని నాటి ఓటమికి దేవుడిచ్చిన పరిహారంగా మీ అబ్బాయికి చూపించకండి, అలా చూపిస్తే మళ్లీ పాత బేరానికే చేరతారు. యేసు శిష్యుడైన పేతురును గుర్తుచేయండి. బొగ్గుల మంట దగ్గర మూడుసార్లు యేసును ఎరుగననన్న వానికి, మరో బొగ్గుల మంట దగ్గర యేసు తన గొఱ్ఱెలను అప్పగించాడు.

అయితే ఇవన్నీ తర్వాతి మాటలు. “తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక” అన్న ఎఫెసీ 6:4 ముందు మీకు వర్తిస్తుంది. నేను చెప్పింది తప్పు, నన్ను క్షమించు అని అడగండి, ఆ మాటకు ‘కానీ’ తగిలించకండి. కొన్నాళ్లు చర్చికి రమ్మని బలవంతపెట్టవద్దు. కుటుంబ ప్రార్థనను అతనికి చురకలు వేసే వేదికగా చేసుకోవద్దు. తిండి, నిద్ర, స్నేహితులు కూడా దూరమవుతున్నట్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.

ఆ గ్లవ్ మీద మళ్లీ ఏమీ రాయకండి. ఏదో ఒక సాయంత్రం బంతి తీసుకుని, కాసేపు ఆడదాం రమ్మని పిలవండి. వస్తే, మాట అతనే మొదలుపెట్టేదాకా విసురుతూ, పట్టుకుంటూ ఉండండి.