మాటలు లెక్కపెట్టకండి, వేలు చూడండి

ప్రశ్న: మా బాబుకు 2 ఏళ్ల 10 నెలలు. టీవీ ప్రకటనలు పొల్లు పోకుండా అప్పజెబుతాడు గానీ ఇంతవరకు ‘అమ్మా’ అని పిలవలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. దాహమేస్తే “నీళ్లు కావాలా?” అని నన్నే అడుగుతాడు. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ఆటిజమేమో అని టెన్షన్‌గా ఉంది. “వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే మాటలొచ్చాయి” అంటారు మా అత్తయ్య. ఫోన్ ఇచ్చి నేనే పాడుచేశానంటారు మా ఆయన. ఇంకొన్నాళ్లు ఆగి చూడమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆగొద్దమ్మా. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరం చివర్లో ఏదో మాటవరసకు అన్నట్టు ఒక సంగతి రాశారు. పెరుగు కావాలంటే బాబు మీ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లి, మీ చేతిని దాని తలుపు మీద పెడతాడని, మీ మొహం మాత్రం చూడడని. ప్రకటనల కన్నా, కుక్కర్ కన్నా నాకు అదే ముఖ్యంగా అనిపించింది.

మాటలు రాని పిల్లలకు కూడా ఒక భాష ఉంటుంది. మేడ మీద విమానం కనబడితే వేలు చూపిస్తారు, వెంటనే మన మొహంలోకి చూస్తారు, నువ్వూ చూశావా అన్నట్టు. విమానం వాళ్లకేమీ అక్కర్లేదు, మనతో కలిసి చూడాలి, అంతే. సాధారణంగా ఇది ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది. మాట ఒక్కటే ఆలస్యమైన పిల్లాడు పిలిస్తే పలుకుతాడు, టాటా చెబుతాడు, ఖాళీ గ్లాసుతో తాతకు ఉత్తుత్తి కాఫీ తాగిస్తాడు. మీ ఆయన చిన్నప్పుడు ఇవన్నీ చేసేవారా అని అత్తయ్యగారిని నెమ్మదిగా అడగండి. నాలుగేళ్లకు మాటలొచ్చాయన్న దానికంటే ఆ జవాబు ఎక్కువ చెబుతుంది.

ఇక ప్రకటనలు. వాడి జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. కానీ విన్నది విన్నట్టు పలకడం వేరు, మనిషితో మాట్లాడటం వేరు. “నీళ్లు కావాలా?” అన్నది మీరు గ్లాసు ఇచ్చే ముందు రోజూ అనే మాట. ఆ మొత్తం మాటనే వాడు నీళ్లకు పేరుగా పెట్టుకున్నాడు. దాన్ని చూసి నవ్వకండి, విసుక్కోకండి. వాడు అడుగుతున్నాడు, తనకు తెలిసిన దారిలో. ఈసారి అలా అన్నప్పుడు వాడి ఎత్తుకు కూర్చుని, వాడు అనాల్సిన మాట మీరే అనండి: “నీళ్లు కావాలి.” ఒక్క క్షణం ఆగి గ్లాసు ఇవ్వండి. అనలేకపోయినా ఇవ్వండి, దాహంతో పాఠాలు వద్దు. కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని తిప్పొద్దు.

కుక్కర్ సంగతి కూడా మొండితనం కాదు. మనం పట్టించుకోని శబ్దం, బట్ట, వాసన కొందరు పిల్లలకు భరించలేనంతగా తగులుతాయి. “అలవాటు పడతాడులే” అని పొయ్యి దగ్గర నిలబెట్టకండి. కుక్కర్ పెట్టేముందు వేరే గదికి పంపండి.

ఇవన్నీ కలిపి చూస్తే ఆటిజం కోసం పరీక్ష చేయించాల్సిందే. అవునో కాదో ఉత్తరం చదివి చెప్పడం నా పని కాదు, చెప్పకూడదు కూడా. ముందు వినికిడి పరీక్ష చేయించండి, బేరా అంటారు. ప్రకటన రాగానే పక్క గదిలోంచి పరిగెత్తుకొస్తాడు కదా అని దాన్ని వదిలేయొద్దు. తర్వాత పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్ దగ్గరికి, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ అంటారు. రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో ఆటిజం కనబడదు. పిల్లాణ్ణి ఆడించి, గమనించి, మిమ్మల్ని అడిగి తేలుస్తారు. అందుకే ఆ ఫ్రిజ్ తంతును ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి, డాక్టర్ గదిలో వాడు అది చేయకపోవచ్చు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ గురించి అడగండి, ఎదుగుదలలో తేడాలున్న పిల్లలను చిన్న వయసులోనే చూసే కేంద్రం అది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, అక్కడా చూస్తారు. ఆటిజమో కాదో ఖాయమయ్యేదాకా, మాటలు నేర్పే స్పీచ్ థెరపీ మొదలుపెట్టకుండా ఆగక్కర్లేదు. రేపు ఆటిజం కాదని తేలినా నేర్చుకున్న నాలుగు మాటలు ఎక్కడికీ పోవు.

పూర్తిగా నయం చేస్తామంటూ స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స ప్యాకేజీలు అమ్మేవాళ్లు మీకూ తగులుతారు. అది ఆటిజానికి పనిచేస్తుందని రుజువు కాలేదు. ఆ లక్షలు థెరపీకి దాచుకోండి.

మీరే పాడుచేశారని మీ ఆయన అంటున్నారు కదా, ఇది మీ తప్పా? కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల్లో ఈ లక్షణాలను వర్ణించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు డాక్టర్లే, తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారని నిందలు వేశారు. అది శుద్ధ తప్పని తేలిపోయింది. పుట్టుకతో, ఎక్కువగా జన్యువులతో ముడిపడిన విషయం ఇది. ఆటిజం ఫోన్ వల్ల రాదు. అయితే ఫోన్ ముందు గడిచే గంట మనిషితో గడిచే గంట కాదు కాబట్టి దాన్ని తగ్గించండి. మీ ఆయన చేతిలోది కూడా, బాబుతో ఉన్నంతసేపు.

అపాయింట్‌మెంట్‌కు బాబును తీసుకుని మీరు, మీ ఆయన, అత్తయ్యగారు ముగ్గురూ కలిసి వెళ్లండి. మీరొక్కరే వెళ్తే డాక్టర్ చెప్పినదంతా ఇంటికొచ్చి అప్పజెప్పాలి, ఒకటికి రెండుసార్లు వాదించాలి. పైగా రోజూ పెరుగన్నం తినిపించేది అత్తయ్యగారే అని రాశారు. వాడు ఏ ముద్ద ఉమ్మేస్తాడో, ఏ గిన్నె అయితేనే తింటాడో డాక్టర్ అడిగినప్పుడు జవాబు ఆవిడ దగ్గరే ఉంటుంది.