అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 2022లో రెండు పార్టీలకూ 7-7గా ఉన్న ప్రతినిధుల సభ సీట్లు, రెండేళ్లకే 2024లో రిపబ్లికన్లకు 10, డెమొక్రాట్లకు 4గా ఎలా మారాయి? ఓటర్లు అంతగా మారిపోయారా?

మారింది ఓటర్లు కాదు, నియోజకవర్గాల సరిహద్దు గీతలు. 2020 జనాభా లెక్కల తర్వాత ఆ రాష్ట్రానికి ప్రతినిధుల సభలో 14 సీట్లు వచ్చాయి. 2022లో కోర్టు ఆధ్వర్యంలో తయారైన మ్యాప్‌తో ఎన్నిక జరిగింది, రెండు పార్టీలకూ చెరి ఏడు సీట్లు దక్కాయి. అక్కడ జడ్జీలనూ ఓటర్లే ఎన్నుకుంటారు; అదే ఎన్నికలో రాష్ట్ర సుప్రీంకోర్టులో మెజారిటీ రిపబ్లికన్లకు మారింది. పార్టీ లాభం కోసం గీతలు గీయడంలో తాము జోక్యం చేసుకోలేమని 2023లో ఆ కోర్టు చెప్పేసింది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న శాసనసభ అదే ఏడాది కొత్త మ్యాప్ గీసింది. అక్కడ ఈ విషయంలో గవర్నర్‌కు వీటో లేదు.

గ్రీన్స్‌బరో ఉన్న గిల్ఫర్డ్ కౌంటీనే చూడండి. డెమొక్రాట్లకు బలమున్న ఆ కౌంటీని మూడు నియోజకవర్గాల మధ్య ముక్కలు చేశారు. ప్రతి ముక్కా చుట్టుపక్కల పల్లె ఓట్లలో కలిసిపోయింది. ఇంకోపక్క రాలీ, షార్లెట్ లాంటి నగరాల్లో డెమొక్రాట్ల ఓట్లను కొద్ది సీట్లలోనే కుక్కేశారు. దీన్నే జెర్రీమాండరింగ్ అంటారు. ముగ్గురు డెమొక్రాట్ సభ్యులైతే ప్రతినిధుల సభకు మళ్లీ పోటీకే దిగలేదు.

అదే 2024లో రాష్ట్రమంతా కలిసి ఓటేసే గవర్నర్ ఎన్నికలో డెమొక్రాట్ జోష్ స్టైన్ సులువుగా గెలిచారు. అందుకే ఈ 10-4ను ప్రజాతీర్పుగా నేను చూడలేను. ఫెడరల్ (కేంద్ర) కోర్టుకు వెళ్లినా లాభం లేదు, 2019లోనే అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి ఫిర్యాదులకు తలుపు మూసేసింది.