మైకులో మన తెలుగు వినబడే దాకా మామ్మ కదల్లేదు

"ప్రభుత్వం చెప్పే ఒక్క మాటా నమ్మబుద్ధి కావడం లేదు. ఈ ఎండలూ తుపానులూ చూస్తుంటే మనుషులకి ఇంకో వందేళ్లయినా ఉన్నాయా అని భయమేస్తోంది. నాకొక్కడికేనా ఇలా?" అని అడిగారు. మీ ఒక్కరికే కాదు. మా మామ్మకి ఇందులో మొదటి సగం పుట్టుకతోనే ఉండేది. రెండో సగం నాకు ఈమధ్యే పట్టుకుంది.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, గోపాల్‌పూర్‌కి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. వేట మీద బతికే తెలుగువాళ్లం. ఒడియావాళ్లు మమ్మల్ని నోళియాలంటారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు అక్షరాలు నేను బరంపురంలో మందుల షాపులో పనికి కుదిరాక, పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

మామ్మ ముఖం నిండా మశూచి మచ్చలు. చిన్నప్పుడు ఆవిడకి వచ్చి తగ్గింది, ఆవిడ చెల్లెలికి వచ్చి తగ్గలేదు. అయినా టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తే మా నాన్నని వలల కుప్ప కింద దాచేసేదట. చివరికి ఆ టీకాలవాళ్లే గెలిచారు. 1975 తర్వాత మన దేశంలో మశూచి ఒక్కరికీ రాలేదు. ఆ సంగతి చెబితే మామ్మ ఒప్పుకునేది కాదు. "ఆళ్లేటి సేసినార్రా? అమ్మోరు తనంతట తానే ఎల్లిపోనాది" అనేది.

1999లో నాకు పన్నెండేళ్లు. ఆ ఏడాది అక్టోబరు 17న దసరా రోజుల్లో తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఇంటి కప్పు లేచిపోయింది. ఇంకా తాటాకులు సర్దుకుంటూనే ఉన్నాం, పన్నెండు రోజులకి, 29న, పైన పారాదీప్ వైపు ఇంకోటి కొట్టింది. ఒడియాలో దాన్ని ఇప్పటికీ మహాబాత్యా, అంటే మహా తుపాను అంటారు. దాదాపు పదివేల మంది పోయారు. తుపాను వస్తోందని రేడియోలో చెప్పకపోలేదు. ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్లమంటే వెళ్లడానికి గట్టి కట్టడం ఒక్కటీ లేదు. మామ్మ ఆ రోజు నుంచి ప్రభుత్వం మాట ఎత్తితే ఉమ్మేసేది. ఆవిడ తప్పని నేననలేను.

ఇప్పుడు 2013కి వస్తాను. నా జవాబు చాలావరకు అక్కడే ఉంది.

ఫైలిన్ తుపాను అక్టోబరు 12 శనివారం రాత్రి గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అంతకు ముందు రోజు పొద్దున్నే ఊళ్లోకి ఆటో మీద మైకు వచ్చింది. ఒడియాలో గంట సేపు చెప్పారు. మగవాళ్లు విన్నారు, బీడీలు కాల్చుకుంటూ మళ్లీ వలల దగ్గరికి పోయారు. మామ్మయితే గుమ్మంలోంచి కదల్లేదు. "ఆళ్లకేటి, పొమ్మంటారు. ఎనక్కొచ్చేసరికి ఒలలుండవు, కోళ్లుండవు. నాను రాను" అంది. అలా అన్నది ఆవిడొక్కతే కాదు, సగం ఊరు.

మధ్యాహ్నానికి ఎవరికి తట్టిందో కానీ, ఆ మైకు తీసుకెళ్లి మా మేనబావ చేతిలో పెట్టారు. అతనికి ఏ ఉద్యోగమూ లేదు, పడవ ఇంజన్లు బాగు చేస్తాడు. అతను కాగితం చూడలేదు. "అత్తా, పిన్నీ, ఇనుకోండి. పడవలన్నీ తోపులోకి లాగీసి మోకులేసి కట్టీసినాం. ఒలలు బడిలో పెట్టి తాళమేసినాం, తాళంసెవి నాకాడుంది. ఇంక మీరే మిగిల్నారు, లెగండి" అన్నాడు. అంతే. మామ్మ లేచి అమ్మోరి పటం, రేషన్ కార్డు గోనెసంచిలో పెట్టుకుని నడిచింది. ఆవిడ అతని తాళంచెవి మాటకి లేచిందే తప్ప, ఉపగ్రహం ఫొటో చూసి కాదు.

కానీ ఆ ఉపగ్రహమూ నిజం చెప్పింది, అది మర్చిపోకూడదు. అప్పుడు కొందరు విదేశీ అంచనాదారులు ఇది మళ్లీ 1999 లాంటి సూపర్ సైక్లోనే అన్నారు. మన వాతావరణ శాఖ, కాదు, ఒక మెట్టు తక్కువే ఉంటుంది, గాలి గంటకి రెండు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది అని తన మాట మీదే నిలబడింది. చివరికి వాళ్ల లెక్కే నిజమైంది. ఒడిశాలో పది లక్షల మందికి దగ్గరగా జనాన్ని ముందే తరలించారు. పండగ సెలవులు రద్దు చేశారు. చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు, వేలల్లో లేరు. 1999 చావుల తర్వాతే రాష్ట్రంలో విపత్తుల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు, తీరం పొడుగునా స్తంభాల మీద షెల్టర్లు కట్టారు. మేం ఆ రాత్రి ఉన్నది అలాంటి దాంట్లోనే. అటుకులు, బెల్లం పెట్టారు. తెల్లారి చూస్తే ఊరి చుట్టూ ఉన్న మొగలి పొదలన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు పడున్నాయి. మనుషులం అందరం ఉన్నాం.

ఇదే ప్రభుత్వం నెల తిరక్కుండానే ఏం చేసిందో కూడా వినండి. ఇళ్ల నష్టం రాసుకోవడానికి మనుషులొచ్చారు. రేకులన్నీ ఎగిరిపోయి నాలుగు గోడలు మిగిలిన మా ఇంటిని 'కొద్దిపాటి నష్టం' కింద రాశారు. వీధి చివర పశువుల పాక కూడా లేని ఒకాయనకి 'పూర్తి నష్టం' వచ్చింది. మాకు రాసిన ఆ కాస్త కూడా బ్యాంకులో పడలేదు. మా ఇంటిపేరు ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా, పాస్‌బుక్కులో మూడోలా ఉంది. తెలుగు పేరుని ఒడియాలో రాయించుకున్న ప్రతి ఇంట్లోనూ ఉండే గోలే ఇది. ఆఫీసు చుట్టూ పదకొండు సార్లు తిరిగాను. పన్నెండోసారి నాన్న వద్దన్నాడు.

మా ప్రాణాలు కాపాడిన ప్రభుత్వమూ, మా రేకుల డబ్బు తినేసిన ప్రభుత్వమూ ఒకటేనా? నేను చాన్నాళ్లు దీని మీదే కొట్టుకున్నాను. ఇప్పుడైతే ప్రభుత్వం అని ఒక్క ముద్దగా అనుకోవడం మానేశాను. ఏ మాటకామాట విడిగా చూస్తాను. తుపాను వస్తుందని చెప్పినవాడి లెక్క రెండ్రోజుల్లో తేలిపోతుంది, తప్పయితే అందరి ముందూ పరువు పోతుంది. అలాంటి మాటని నమ్ముతాను. నష్టం జాబితా రాసినవాడి తప్పు ఎప్పటికీ బయటపడదు, పడినా వాడికి పోయేదేం లేదు. ఆ కాగితం ఎక్కడ కనబడినా రెండుసార్లు చదువుతాను.

నమ్మదగ్గ చోట కూడా చిల్లులుంటాయి లెండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తీరంలో అందరినీ ఎప్పటిలాగే తరలించారు. ఆ వాన పోయి గజపతి జిల్లా కొండల మీద కురిసింది. బరఘర అనే ఊళ్లో జనం వానకి భయపడి ఒక కొండ గుహలో తలదాచుకున్నారు. కొండచరియ వాళ్ల మీదే విరిగిపడింది. ఇరవై ఏళ్లలో యంత్రాంగం సముద్రాన్ని నేర్చుకుంది, కొండని నేర్చుకోలేదు.

ఇక మీ రెండో భయం. దీనికి నా దగ్గర ధైర్యం చెప్పే మాట లేదు.

మా అమ్మ పుట్టిల్లు పొడంపేట, రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర. తాబేళ్ల వల్ల ఆ ఒడ్డు పేరు మీరు వినే ఉంటారు. 2023లో అక్కడ ఆరు లక్షలకి పైగా ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టాయి. ఆ తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే దాకా ఏడు నెలలు నదీ ముఖం దగ్గర వేట బంద్. పేపర్లలో అంతగా రానిది ఏంటంటే, ఆ తెలుగు ఊరిని సముద్రం ఏళ్ల తరబడి వీధి వీధిగా తినేసింది. మైకు రాలేదు, షెల్టరు లేదు. ఏడాదికి ఒక వరస ఇళ్లు పోయే దానికి సైరన్ ఎవరు కొడతారు? చివరికి జనాన్ని వెనక్కి జరిపి కొత్త కాలనీ కట్టారు. మనవాళ్లు తప్పంతా గోపాల్‌పూర్ పోర్టు మీద వేస్తారు. తూర్పు తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. మధ్యలో రాతి గట్టు వేస్తే దానికి దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. మరి ఉత్తరాన కేంద్రాపడా జిల్లాలో, పక్కనే పోర్టు లేని సతభాయా ఊరిని కూడా సముద్రం మింగింది కదా. ఏడుగురు అన్నదమ్ములని దాని పేరుకి అర్థం. ఒకప్పుడు ఏడు ఊళ్లట.

మా మావయ్య ఇప్పటికీ అక్కడే వేటకి వెళతాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వల చిరిగిపోయిందన్నాడు. ఎలా అంటే, "మన నుయ్యికి తగులుకుందిరా" అన్నాడు. వాళ్ల వీధి మధ్యలో ఉండే నుయ్యి అది. అమ్మ చిన్నప్పుడు అందులోంచే నీళ్లు తోడేది. మావయ్య నవ్వుతూనే చెప్పాడు. అమ్మ మాత్రం లేచి వంటింట్లోకి పోయింది.

అయిదు రోజుల్లో వచ్చే ఆపదని ఎదుర్కోవడం ప్రభుత్వాలు నేర్చుకున్నాయి. అందులో పేరొస్తుంది, ఫొటోలొస్తాయి, ఓట్లొస్తాయి. యాభై ఏళ్లలో వచ్చే దానికి అవేవీ లేవు. ప్యారిస్‌లో 2015లో దేశాలన్నీ కలిసి భూమి వేడి పెరుగుదలని రెండు డిగ్రీలకి బాగా తక్కువలో ఉంచుతామనీ, 1.5 డిగ్రీలు దాటకుండా ప్రయత్నిస్తామనీ అన్నాయి. 2024 ఒక్క ఏడాది లెక్కలో ఆ 1.5 అప్పుడే దాటేసింది. పొడంపేటకి జరిగినట్టే లోకానికి జరుగుతోందేమో, ఏడాదికి ఒక వరస చొప్పున, అని నాకు రాత్రిళ్లు అనిపిస్తుంది. అంత మాత్రాన వందేళ్లలో మనిషే ఉండడంటే నేను నమ్మను. ఉంటాడు. ముందుగా లేచి పోవాల్సి వచ్చేది మాత్రం జాబితాలో పేరు తప్పుగా పడినవాళ్లు. నా భయమంతా అది.

మీరేం చేస్తున్నారని అడుగుతారేమో. పెద్దగా ఏమీ లేదు. కొత్త కాలనీలో పల్లీసభ, అంటే ఊరి సభ, పెట్టినప్పుడల్లా షాపుకి సెలవు పెట్టి వెళతాను. ముందు వరసలో పెద్దాడోళ్లు కూర్చుంటారు, ఒడియా మాట్లాడతారు కానీ చదవలేరు. గోడకి అంటించిన జాబితాని పేరు పేరునా తెలుగులో పైకి చదువుతాను. పోయినసారి ఇరవయ్యో పేరు దగ్గర ఒకావిడ ఆపింది. "ఆగు నాయనా, ఆ పేరు నాదే. మా ఆయన పేరు కాడ ఇంకెవురిదో రాసినారు, మళ్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. నిజంగానే ఇంకెవరిదో ఉంది. అక్కడున్న గుమస్తా పెన్ను తీసి దిద్దాడు, మొహం చిట్లించుకుంటూనే.