అమ్మ గురించి రాసే ముందు అమ్మని అడుగు

నాన్నా,

అమ్మ 70వ పుట్టినరోజుకి, తను పడిన కష్టాలన్నీ రాసి అందరి ముందూ చదవాలనుకుంటున్నావని మీ చెల్లి చెప్పింది. చాలా సంతోషమేసింది. ఇన్నేళ్లయినా అవన్నీ నీకు గుర్తున్నాయి, నా చెల్లెలికి అంతకంటే ఏం కావాలి? కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. తను చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి, ఇంకో కాపీ వేరేచోట దాచు. టీవీ కట్టెయ్యి. ఎదురుగా కూర్చుని నిదానంగా అడుగు, గట్టిగా అరవకు. వయసు మీద పడ్డాక ముందు కీచుగా ఉండే సన్నటి శబ్దాలు వినపడటం తగ్గుతుంది, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. ఒక్క పూటలో అంతా రాబట్టాలని చూడకు.

ఇక నా భయం దేనికో చెప్తాను. మా అత్తగారివైపు ఒకబ్బాయి ఉన్నాడు. నీలాగే తల్లంటే ప్రాణం. ఆవిడ పుట్టినరోజుకి చుట్టాలందర్నీ పిలిచి, మైకు పట్టుకుని చదివాడు. చిరిగిన బట్టలతో ఎలా బతికిందీ, అతని ఫీజు కోసం ఏ ఇంటికి వెళ్లి చెయ్యి చాచిందీ, వాళ్లు ఎలా గుమ్మంలోంచే పంపేశారో అన్నీ చెప్పాడు. ఇంటి పేరు చెప్పలేదు గానీ, ఆ ఇంటివాళ్లు రెండో వరుసలోనే కూర్చున్నారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ మాత్రం తల ఎత్తలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

అక్కడితో ఆపినా బాగుండేది. 'నన్ను చదివించడం కోసం మా అక్కని చదువు మాన్పించింది, అంత గుండె నిబ్బరం మా అమ్మది' అన్నాడు. వాడికి అది త్యాగంగా కనిపించింది. ఆ అక్క అక్కడే ఉంది. చదువులో వెనకబడ్డానని మాన్పించారనే అన్నాళ్లూ అనుకుంది. తల్లి అలాగే చెప్పింది మరి. అసలు కారణం ఆ రోజు అంతమంది మధ్య తెలిసింది. తర్వాత ఆ తల్లీకూతుళ్లు మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ తల్లి నాతో ఒకే మాట అంది: "వాడు అబద్ధం ఏమీ చెప్పలేదు వదినా. కానీ అది చెప్పాల్సింది నేను."

ఆ కుర్రాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ప్రేమతోనే చేశాడు. నువ్వూ ప్రేమతోనే చేస్తున్నావు. అదే నా భయం. కాబట్టి రాసిన ప్రతి పేజీ ముందు అమ్మకి చదివి వినిపించు. వద్దన్నది తీసెయ్యి. ఎందుకని అడగకు. తర్వాత మీ చెల్లికి వినిపించు.

ఇంకో మాట. 'మా అమ్మ ఓర్పుకి మారుపేరు' అని మొదలుపెట్టావంటే ఒప్పుకోను. మీ అమ్మకి ఓర్పెక్కడిది? చిన్నప్పుడు నాతో జుట్లు పట్టుకుని కొట్టుకునేది. మీ నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయేనాటికి తనకి 34 ఏళ్లు. ఏడ్చింది, దేవుణ్ని తిట్టింది, నన్నూ తిట్టింది. తర్వాత ఒక నోటుపుస్తకం తీసి ఎవరికెంత బాకీ ఉన్నామో రాసుకుంది. అప్పులవాళ్లు గుమ్మంలోకి రాకముందే తనే వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ నెల ఎంత ఇవ్వగలదో కాగితం మీద పెట్టి ఒప్పించింది. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చింది. అది తెలివి నాన్నా! దాన్ని ఓర్పు అంటే తన కష్టాన్ని తక్కువ చేసినట్టే.

మీ నాన్నని కూడా బరువులా చూపించకు. చెయ్యీ కాలూ పడిపోయినా మాట పోలేదు కదా. చిట్టా, ఆవర్జా లాంటి జమాఖర్చుల పుస్తకాలు రాయడం మంచం మీద నుంచే తనకి నేర్పాడు. ఆ విద్యతోనే నలుగురి లెక్కలు రాసి మిమ్మల్ని పెంచింది. మీలో ఒకర్ని నా దగ్గర ఉంచుకుంటానని అడిగాను. "ఇద్దరూ ఒక్కచోటే పెరుగుతారక్కా" అని కొట్టిపారేసింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు మీ ఇద్దర్నీ చూస్తే తనే కరెక్టనిపిస్తుంది.

అందుకని 'ఎంత బాధపడ్డావమ్మా' అని అడగకు. 'అప్పుడేం ఆలోచించావు, ఎవరిని నమ్మావు, ఎవరికి వద్దని చెప్పావు' అని అడుగు. నువ్వు అప్పుల గురించి అడిగితే తను మా బడి సంగతులు చెప్తుంది, విసుక్కోకు. పెద్దవాళ్లకి బాగా గుర్తుండేవి ఎక్కువగా పదేళ్లకీ ముప్పయ్యేళ్లకీ మధ్య జరిగినవే. నేను నర్సుగా ఉన్నప్పుడు, పాతవి తవ్వుకునే ముసలివాళ్లని చూసి మతి పోతోందనుకునేవాళ్లు. రాబర్ట్ బట్లర్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1963లోనే రాశాడు, చివరి వయసులో జీవితాన్ని తిరగేసుకోవడం మనసు సహజంగా చేసే పనేనని. దాంతో కొందరికి మనశ్శాంతి కలుగుతుంది, కొందరికి పాత పశ్చాత్తాపం పైకి వస్తుంది. తను మధ్యలో మౌనంగా అయిపోతే రికార్డింగ్ ఆపేసి పక్కన కూర్చో. ఆ రాత్రి ఒంటరిగా వదలకు.

రాయడం ఒక్కటే సరిపోదురా. మొన్న వచ్చినప్పుడు చూశాను, కుర్చీలోంచి లేవడానికి చెయ్యి ఊతం పడుతోంది. నొప్పి అని ఒక్క మాటా అనదు, దాచుకోవడం అలవాటైపోయింది. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి ఎముకలు గుల్లబారతాయి, జారిపడి తుంటి విరిగేదాకా చాలామందికి అది బయటపడదు. 65 దాటిన ఆడవాళ్లకి ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి, డెక్సా స్కాన్ అంటారు. పుట్టినరోజు కంటే ముందే తీసుకెళ్లు. నువ్వు అడిగితే ఏమీ లేదంటుంది. అడక్కుండా అపాయింట్‌మెంట్ తీసుకో, తిడితే తిట్టనీ.

ఆ అప్పుల నోటుపుస్తకం బీరువాలో ఇంకా ఉందనుకుంటాను. చూపించమని అడుగు, తనంతట తను తీస్తేనే తెరువు. స్కాన్ ఏ రోజో ఖాయం కాగానే నాకు ఫోన్ చెయ్యి. ముందు రోజే వచ్చి నేనూ వెంట వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ